చిల్లచెట్టును కొట్టడం వేరు, తీయడం వేరు

[దృశ్యం: తుప్పు పట్టిన గేటు. కెమెరా గోడ మీదుగా లోపలికి చూస్తుంది. పెరడంతా పచ్చని గుబురు, అడుగు పెట్టే సందు లేదు.]

ఇది ప్రకాశం జిల్లాలో మా అమ్మమ్మగారి ఇంటి పెరడు. ఆరేళ్ళు తాళం వేసి ఉంచాం. ఆ గుబురు వెనకాల ఒక బావి ఉంది, బట్టలుతికే బండ ఉంది, అమ్మమ్మ పెట్టిన నిమ్మచెట్టు ఉంది. పని మొదలుపెట్టకముందు ఇక్కణ్ణుంచి ఏదీ కనపడేది కాదు.

మా వైపు ఈ ముళ్ళచెట్టును చిల్లచెట్టు అంటాం. రాయలసీమలో కంపచెట్టు అంటారు, తెలంగాణలో సర్కారు తుమ్మ. ఊళ్ళో ఇంటికి తాళం వేసి హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటున్నవాళ్ళు చాలామందికి పెరట్లో ఇదే పరిస్థితి. దీన్ని వేరుతో సహా ఎలా తీయాలో చూపిస్తాను. మొదటిసారి నేను చేసిన తప్పు కూడా చెబుతాను, అది మీరు చేయకూడదు.

[దృశ్యం: ఎండిపోయిన కాయ అరచేతిలో. విరిచి గింజ చూపించడం.]

ఈ చెట్టు మనది కాదు. మెక్సికో, కరీబియన్ దీవుల వైపుది. 1876లో మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్, నీళ్ళు లేని నేలల్లో వంటచెరకు కోసం దీని విత్తనాలు తెప్పించమని ప్రభుత్వాన్ని అడిగాడు. జమైకా నుంచి వచ్చిన ఆ విత్తనాలను నాటింది మన కడప జిల్లా కమలాపురం దగ్గరే. సర్కారు తెచ్చిన తుమ్మ కాబట్టి సర్కారు తుమ్మ. పేదల ఇళ్ళలో పొయ్యి వెలిగించింది, ఎంతోమందికి బొగ్గు పని ఇచ్చింది. ఆ మేలు కాదనను. కానీ పెరట్లోకి వస్తే మాత్రం ఇంకో మొక్కను బతకనివ్వదు.

కాయ తియ్యగా ఉంటుంది. మేకలు, పశువులు ఇష్టంగా తింటాయి. గింజ మాత్రం అరగదు. పేడతో బయటపడి, ఆ పేడనే ఎరువుగా చేసుకుని మొలుస్తుంది. మన పెరట్లోకి వచ్చిన దారి అదే: కూలిన ప్రహరీ, అందులోంచి దూరిన మేకలు.

[దృశ్యం: పాత ఫోటో. నేల మట్టానికి నరికిన మొద్దులు. తర్వాత అదే చోట భుజం ఎత్తు పొద.]

ఇక నా తప్పు. కొన్నేళ్ళ కిందట వేసవిలో మనుషుల్ని పెట్టి మొత్తం కొట్టించాను. పెరడు అద్దంలా కనిపించింది, డబ్బులిచ్చి వెళ్ళిపోయాను. సంక్రాంతికి వచ్చి చూస్తే ఒక్కో మొద్దు నుంచి ఏడెనిమిది కొమ్మలు లేచి, నా భుజం దాటి పెరిగి ఉన్నాయి. అంతకుముందు ఒక్క మాను ఉన్నచోట పొద తయారైంది. ఏడుపొచ్చింది.

ఊళ్ళో కంప కొట్టే పెద్దాయన ఒకరు వచ్చి చూసి ఒక్క మాట అన్నారు: "దీని ప్రాణం కొమ్మల్లో లేదమ్మా, మెడలో ఉంది." మెడ అంటే వేరు, కాండం కలిసే చోటు. మట్టి కింద జానెడు లోతు వరకూ ఆ మెడ మీద మొగ్గలు నిద్రపోతూ ఉంటాయి. పైన నరికితే అవన్నీ ఒకేసారి లేస్తాయి. అందుకని తెగాల్సింది నేల మీద కాదు, నేల లోపల, ఆ మెడ కింద.

[దృశ్యం: నాలుగు కొమ్మలు పక్కపక్కన పెట్టి దగ్గరగా చూపించడం.]

గొడ్డలి ఎత్తే ముందు చెట్టును గుర్తుపట్టండి. దీని తమ్ముడే జమ్మి. దసరాకు మొక్కే చెట్టు, తెలంగాణ రాష్ట్ర వృక్షం. తెలియక దాన్ని నరికేస్తే మళ్ళీ అంత చెట్టు కావడానికి ఒక తరం పడుతుంది. చిల్లచెట్టుకు ఆకు మొదట్లో జంటగా ముళ్ళుంటాయి, కొమ్మ వంకరటింకరగా పోతుంది. జమ్మికి ముళ్ళు చిన్నవి, కొమ్మ పొడుగునా అక్కడక్కడా ఉంటాయి. నల్లతుమ్మ అయితే పసుపు బంతుల్లాంటి పూలు, పూసలు గుచ్చినట్టుండే కాయ. సీమచింత కాయ మెలికలు తిరిగి ఉంటుంది, దాన్ని పిల్లలకు ఉంచేయండి.

చెట్లు కొట్టే విషయంలో వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం ఉంది, 2002 నుంచి. పని మొదలుపెట్టే ముందు ఊళ్ళో సచివాలయంలోనో, పంచాయతీ కార్యదర్శినో ఒక మాట అడగండి. వేప, జమ్మి మధ్యలో ఉంటే తప్పకుండా అడగండి.

[దృశ్యం: పనిముట్లు నేల మీద. కొడవలి, గొడ్డలి, గడ్డపార, పార, పంగలకర్ర, మోకు.]

హవాయి చెప్పులతో లోపలికి వెళ్ళొద్దు. ఈ ముల్లు బండి టైరునే గుచ్చేస్తుంది. గట్టి అడుగున్న బూట్లు, తోలు గ్లౌజులు, కళ్ళకు అద్దాలు ఉండాలి. ముల్లు విరిగి లోపల ఉండిపోతే చీము పడుతుంది, సూదితో కెలక్కుండా డాక్టరుకు చూపించి టీటీ ఇంజెక్షన్ వేయించుకోండి. ఇంకోటి, ఇన్నేళ్ళ గుబురులో పాములు ఉంటాయి. ముందు పొడుగు కర్రతో నేల మీద కొడుతూ చప్పుడు చేయండి, కాసేపు ఆగండి. చెయ్యి పెట్టే ముందు కర్ర పెట్టండి. ఎవరికైనా కాటు పడితే కోయడం, గట్టిగా కట్టడం చేయకుండా 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి.

[దృశ్యం: పని జరుగుతోంది. వెనక గడ్డపార చప్పుడు.]

అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి పోవాలి. ఒకరు పంగలకర్రతో కొమ్మను ఎత్తి పట్టుకుంటే ఇంకొకరు కొడవలితో కోస్తారు. మానును నడుము ఎత్తులో నరకండి, కిందికంటా కొట్టొద్దు. ఆ మిగిలిన మొండెమే మనకు మీట.

ఇప్పుడు అసలు పని. ముందు రోజు రాత్రి మొదలు చుట్టూ నీళ్ళు పోసి నానబెట్టాం. పొద్దున మూరెడు దూరంలో గుంట తవ్వుతూ లోపలికి వస్తే పక్కవేర్లు కనపడతాయి, వాటిని గొడ్డలితో తెంపాలి. జానెడున్నర లోతుకు వెళ్ళాక తల్లివేరు. దాన్ని అక్కడ తెంపి, మొండేనికి మోకు కట్టి లాగితే మెడతో సహా ఊడొస్తుంది. తల్లివేరు అడుగుదాకా తవ్వాలని చూడొద్దు, అది ఎంత లోతుకు పోతుందో అంతు ఉండదు. మెడ లేని వేరు మళ్ళీ చిగురించడం కష్టం.

గేటు వెడల్పుంటే జేసీబీ పెట్టుకోవచ్చు. బావికీ, సెప్టిక్ ట్యాంకుకీ, గోడకీ దూరంగా ఉన్న చెట్లకే. మా పెరట్లో గోడను ఆనుకుని రెండున్నాయి. అవి తవ్వితే పునాది కదులుతుంది. వాటిని వీలైనంత కిందికి కోసి, చిగురు జానెడు కాగానే తుంచేస్తూ వచ్చాం. ఒకటి ఏడాదిన్నరకు ఎండింది, రెండోది ఇంకా పోరాడుతోంది.

మొద్దు మీద కిరోసిన్, యాసిడ్, ఉప్పు పోయమని చెప్పేవాళ్ళు ఉంటారు. దయచేసి వద్దు. అది మట్టిలోకీ, బావిలోకీ దిగుతుంది. గ్లైఫోసేట్ అనే కలుపు మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని 2022లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది, ఇంట్లో మనం కొట్టేది కాదు.

[దృశ్యం: ట్రాక్టరులో కట్టెలు. పక్కన కాయలు ఏరుతున్న చేతులు.]

కట్టెలు బొగ్గు బట్టీవాళ్ళు కొనుక్కుని పోయారు. సన్న కంపను ఎండబెట్టి కంచెకు వాడుకోవచ్చు, కాకపోతే ముందు కాయలన్నీ ఏరేయాలి. ఏరిన కాయలు మేకలకు వేయొద్దు, కాల్చేయండి.

[దృశ్యం: వానలు పడ్డాక పెరడు. నేల మీద చిన్న చిన్న మొలకలు.]

గింజలు మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటాయి. మొదటి వానకు మా పెరట్లో వందల మొలకలు వచ్చాయి. అప్పుడే రావాలి. తడి నేలలో వేలెడు మొలకను రెండు వేళ్ళతో పీకేయొచ్చు, ఆర్నెల్లు ఆగితే మళ్ళీ గడ్డపార కావాలి. మీరు ఊళ్ళో లేకపోతే, ప్రతి వాన తర్వాత ఒక పూట పీకించేలా పక్కింటివాళ్ళతోనైనా మాట్లాడుకోండి. ఖాళీ నేలను వదలొద్దు. మేము జనుము చల్లాం, అది మూరెడు ఎదిగి నీడ కమ్మేసరికి మొలకలు తగ్గాయి. తర్వాత మునగ, కరివేపాకు, ఒక కానుగ పెట్టాం.

నిమ్మచెట్టు బతికే ఉంది. సగం ఎండింది, ఒక కొమ్మ చిగురేసింది. మొన్న దాని మొదట్లో మేక పెంటికలు కనిపించాయి. గోడలో ఆ సందు అలాగే ఉంది. ఈ వారం మేస్త్రీ వస్తున్నాడు.