“నువ్వు చూసుకో” అని ఎవరితో అంటున్నారు?

[స్క్రీన్ మీద చాట్: “నువ్వు చూసుకో, నీ మీద నమ్మకముంది”]

ఈ మెసేజ్ ఏళ్ల తరబడి అదే పని చేస్తున్న మనిషికి వస్తే హాయి. మొన్ననే చేరినవాళ్లకి వస్తే ఆ రాత్రి నిద్రుండదు. పంపిన మేనేజర్ మాత్రం రెండుసార్లూ పని అప్పగించాననే అనుకుంటాడు.

1939లో మనస్తత్వ శాస్త్రవేత్తలు కర్ట్ లెవిన్, రొనాల్డ్ లిప్పిట్, రాల్ఫ్ వైట్ అమెరికాలో పదేళ్ల పిల్లల క్లబ్బుల మీద చేసిన ప్రయోగాలు బయటికొచ్చాయి. హుకుం జారీ చేసే లీడర్ గది దాటగానే పిల్లల పని చతికిలబడింది, కలిసి నిర్ణయించుకున్న గ్రూపులో సాగింది, పట్టించుకోకుండా వదిలేసిన గ్రూపు మొత్తమ్మీద పనిలో అన్నిటికన్నా వెనకబడింది. మీ మేనేజర్ లీవులో ఉన్న రోజు మీ టీమ్‌ని చూడండి, ఏ గ్రూపో తెలిసిపోతుంది!

మరి వదిలేయడానికీ అప్పగించడానికీ తేడా ఏంటి?

[స్క్రీన్ మీద: చెప్పి చేయించు, వివరించి ఒప్పించు, కలిసి నిర్ణయించు, అప్పగించు]

1969లో మేనేజ్‌మెంట్ నిపుణులు పాల్ హెర్సీ, కెన్ బ్లాంచర్డ్ మొదలుపెట్టి, తర్వాత మార్పులు చేస్తూ వచ్చిన ‘సిచ్యుయేషనల్ లీడర్‌షిప్’ సిద్ధాంతంలోవి ఈ నాలుగు పద్ధతులు. ఏది వాడాలన్నది ఎదుటివాళ్ల నైపుణ్యం, ఉత్సాహం బట్టి ఉంటుంది. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు, ఎందుకంటే ఆ లెక్క మనిషికి కాదు, పనికి. అకౌంట్స్‌లో తలపండిన సీనియర్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చి “మీకు చెప్పేదేముంది సార్” అనేస్తారు. ఆయన జూనియర్ల ముందు అడగలేక, లెక్కంతా పాత ఎక్సెల్ షీట్‌లోనే చేసుకుని, చివరి అంకెలు మాత్రం తెచ్చి కొత్తదాంట్లో టైప్ చేస్తుంటాడు. నెలాఖరుకి ఎక్కడో టాలీ అవ్వదు, అప్పుడు మొదలవుతుంది అందరికీ టెన్షన్. అదే మనిషిని తనకి కొట్టినపిండి అయిన రిపోర్ట్ గురించి గంటకోసారి “అప్‌డేట్ ఏంటి?” అని అడుగుతారు, అది ఇంకో గోల.

అలాగని ఇది బ్రహ్మవాక్కేం కాదు. పరిశోధనల్లో దీనికి దొరికిన ఆధారం అంతంతమాత్రమే, కొత్తవాళ్లకి స్పష్టంగా చెప్పాలన్న ముక్క కాస్త నిలబడింది. నా మట్టుకు నేను దీన్ని ఒక ప్రశ్నగా వాడతాను: ఈ పని ఈ మనిషి ఇంతకుముందు చేశాడా?

మీరు మేనేజర్ కాకపోయినా ఇది పనికొస్తుంది. ఈసారి “నువ్వు చూసుకో” అని వస్తే తలూపేసి రాత్రంతా కొట్టుకోకండి, ఇలా అడగండి: “ఈ పని నాకు కొత్త సార్, మొదటిసారి పక్కన కూర్చుని చూపించండి, తర్వాతి నెల నుంచి నేనే చేసి మీకు పంపిస్తాను.”