ఒక్కటే మోటార్ తో కదిలే మండపీత బోర్డు

హాయ్ అండి అందరికీ, వైజాగ్ నుంచి. వర్క్‌షాప్ వీడియోలు చేసే మా ఫ్రెండ్స్ మధ్య ఈ నెల ఒక సరదా ఛాలెంజ్ నడుస్తోంది, రూల్ ఏంటంటే ఎవరికి నచ్చిన సముద్ర జీవితో వాళ్ళు ఒక షాప్ బోర్డు చెయ్యాలి, అంటించిన బొమ్మలా ఉండకూడదు, బయటికి పొడుచుకొచ్చి కదలాలి, మోటార్ మాత్రం ఒక్కటే. ఒకడు ఆక్టోపస్ అన్నాడు, ఇంకొకడు తాబేలు మొదలెట్టేశాడు, నేను మండపీత (మడ్ క్రాబ్) తీసుకున్నా.

పీతే ఎందుకంటే, ఆక్టోపస్ చేతుల్లో ఎముక అనేదే ఉండదు, ఎటు పడితే అటు వంగుతుంది, దాన్ని మెషిన్ లో తేవడం చాలా కష్టం. పీత అలా కాదు, పైన గట్టి పెంకు, కాలులో ఒక్కో కీలూ తలుపు బందులా దాదాపు ఒకే దిక్కుకి మడుస్తుంది, అది పక్కకి నడిచేది కూడా అందుకే. అంటే మనం కొత్తగా కనిపెట్టక్కర్లేదు, ఉన్నదాన్ని సరిగ్గా చూస్తే చాలు.

డెక్క, అంటే రెండు వేళ్ళతో పట్టుకునే ముందు చెయ్యి, దాని సంగతి చూడండి. ఇంట్లో పీతల కూర తిన్నవాళ్ళందరికీ తెలుసు, డెక్క విరిచాక లోపల తెల్లగా పల్చటి రేకు ఒకటి ఉంటుంది, దాన్ని పట్టుకుని లాగితే వేలు మూసుకుంటుంది, చిన్నప్పుడు దాంతో ఆడుకోని వాళ్ళు మన ఊళ్ళో ఉండరు. అదే మెకానిజం అండి! కండ రేకుని లాగుతుంది, రేకు వేలిని లాగుతుంది. మూసే కండ పెద్దది, తెరిచే కండ చిన్నది, బలమంతా మూసేటప్పుడే. ఇంకోటి, కదిలేది పైవేలు ఒక్కటే, రెండు వేళ్ళూ తెరుచుకునే పీత బొమ్మ చూస్తే నాకు మనసొప్పదు.

అందుకే స్నెయిల్ కామ్ వేశా, అంటే నత్త గుల్లలా అంచు మెల్లగా పెరుగుతూ వచ్చి చివర్లో ఒక్కసారిగా మెట్టులా దిగిపోయే చక్రం. అది తిరుగుతుంటే పైవేలు నెమ్మదిగా లేస్తుంది, మెట్టు దగ్గరికి రాగానే స్ప్రింగ్ లాగేసి టక్ మని మూసుకుంటుంది. వినండి... ఇంకోసారి. ఈ కామ్ ఒక వైపుకే తిరగాలి, వెనక్కి తిరిగితే మెట్టుకి తగిలి ఇరుక్కుంటుంది, వైర్లు అటూ ఇటూ అయితే మోటార్ రివర్స్ తిరుగుతుంది కాబట్టి కామ్ బిగించే ముందే చెక్ చేసుకోండి.

మోటార్ కారు వైపర్ ది, 12 వోల్టులు, పాత సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. డైరెక్ట్ గా బిగిస్తే పీతకి ఆ స్పీడ్ ఎక్కువ, అందుకని సైకిల్ చైన్ వేశా, మోటార్ కి 18 పళ్ళ చక్రం, షాఫ్ట్ కి 44 పళ్ళది, స్పీడ్ సగం కంటే తగ్గిపోయింది. ఆ షాఫ్ట్ మీదే ఎనిమిది కాళ్ళ క్రాంకులు (షాఫ్ట్ తిరిగితే కాళ్ళని ఆడించే వంపు కడ్డీలు), పక్కపక్క కాళ్ళు ఒకేసారి లేవకుండా ఎదురెదురుగా పెట్టా. చివరి జత మాత్రం చదునుగా కోశా, మండపీత ఈదేది వాటితోనే.

ఇక మన ఊరి ఉప్పు గాలి. బీచ్ రోడ్ పక్కన ఏ ఇంటి గ్రిల్ చూసినా తెలుస్తుంది అది ఇనుముని ఏం చేస్తుందో. బోల్టులన్నీ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్, మామూలు 304 రకం కంటే ఖరీదే కానీ ఇందులో మాలిబ్డినం అనే లోహం ఉంటుంది, ఉప్పుని బాగా తట్టుకుంటుంది. కీళ్ళలో నైలాన్ బుష్‌లు (పిన్ను తిరిగే చిన్న గొట్టాలు), కొంచెం లూజుగానే ఉంచాలి, చెమ్మకి నైలాన్ ఉబ్బుతుంది. పెంకు ఫైబర్, బోట్లకి వాడే గాజు నార మ్యాట్, దాన్ని గట్టిపరిచే రెసినే.

రంగు విషయంలో మాత్రం నేను తగ్గను. ఎక్కడ చూసినా పీత బోర్డు ఎర్రగానే ఉంటుంది, మండపీత ఎర్రబడేది ఉడికాక అండి! పెంకులో అస్టాక్సాంథిన్ అనే ఎర్ర పదార్థం ఒక ప్రోటీన్ తో కలిసి ఉన్నంతసేపు ఆ ఎరుపు కనిపించదు, వేడికి ప్రోటీన్ పాడైతే అప్పుడు బయటపడుతుంది. బీచ్ లో ఇసుక మీద పరిగెత్తే ఎర్ర పీతలు వేరే జాతి. నడిచే మండపీత ముదురు ఆకుపచ్చగా ఉండాలి, అదే వేశా. బోర్డు పెట్టించుకునే చేపల ఫ్రై షాపు బాబాయ్ మొదట ఎరుపే అడిగారు, ఇదంతా చెప్తే ఒప్పుకున్నారు, అక్షరాలైనా ఎర్రగా రాయమన్నారు, సరే అన్నా. ఆదివారం బోర్డు ఎక్కిస్తున్నాం, తాబేలు, ఆక్టోపస్ కూడా అక్కడికే వస్తున్నాయి.