పాత పేరుకి కొత్త స్పెల్లింగ్ పెడితే తప్పేంటి?

నమస్కారం అండీ. స్క్రీన్ మీద నాలుగు ఇంగ్లిషు అక్షరాలు వేస్తున్నాను, ఒకసారి పైకి చదవండి. ఆర్, ఏ, ఎం, ఏ. ఏమని చదివారు? రామ అనా, రమ అనా? రాముడి పేరు మగపిల్లాడికి పెట్టుకుంటాం. రమ అంటే లక్ష్మీదేవి, ఆడపిల్లకి పెట్టుకుంటాం. రెండు పేర్లకీ మనవాళ్ళు రాసే స్పెల్లింగ్ మాత్రం ఒకటే. ఇప్పుడు మొదటి ఏ పక్కన ఇంకో ఏ పెట్టాను. ఆర్, డబుల్ ఏ, ఎం, ఏ. ఇక దీన్ని రమ అని చదివే తెలుగువాళ్ళు ఉండరు.

ఈ ఒక్క ఏ కోసం ఎన్ని ఇళ్ళలో పేచీలు జరుగుతాయో మీకు తెలిసే ఉంటుంది. పాప పుడుతుంది. నానమ్మ పేరో ఇలవేల్పు పేరో కలిసొచ్చేలా మంచి పాత పేరు ఖాయం చేస్తారు. అందరికీ సంతోషం. తీరా అమ్మానాన్నలు దాన్ని ఇంగ్లిషులో కాస్త వేరుగా రాస్తామనేసరికి పెద్దవాళ్ళ మొహాలు మారిపోతాయి. "అందరూ రాసినట్టు రాయకుండా ఈ కొత్త పోకడ ఎందుకమ్మా? అంత చక్కటి పేరు పెట్టి స్పెల్లింగ్ పాడుచేస్తారా?" అంటారు. ఈ గొడవలో నేను అమ్మానాన్నల పక్షం. ఎందుకో చెప్తాను. ఎక్కడ వాళ్ళతో కూడా విభేదిస్తానో అదీ చెప్తాను.

ముందు ఒక మాట. శారద అనే పేరు మన సంప్రదాయం. శ, దీర్ఘం, ర, ద, ఇదీ మన పూర్వీకులు మనకిచ్చింది. ఎస్ ఏ ఆర్ ఏ డి ఏ అని రాయడం మన పూర్వీకులిచ్చింది కాదండీ. అది ఎప్పుడో బడిలో చేర్పించిన రోజు రిజిస్టర్‌లో పేరు ఎక్కించిన మాస్టారి అలవాటు. ఆయన రాశారు, అదే పదో తరగతి సర్టిఫికెట్‌లోకి వచ్చింది, అక్కణ్ణుంచి ఉద్యోగంలోకి, బ్యాంకు పాసుబుక్కులోకి వెళ్ళింది. యాభై ఏళ్ళు చూసీ చూసీ అదే అసలు స్పెల్లింగ్ అనుకుంటున్నాం. ఇంకో ఊరి మాస్టారు ఎస్ హెచ్ రాసి ఉంటే ఇవాళ అదే ఆచారమయ్యేది.

ఇంగ్లిషులో దీర్ఘం చూపించాలన్న ఆలోచన ముందు లేదా అంటే, ఉంది. 19వ శతాబ్దంలో విలియం విల్సన్ హంటర్ అనే బ్రిటిష్ అధికారి మన దేశంలోని పేర్లను రోమన్ అక్షరాల్లో ఒకే తీరుగా రాయడానికి ఒక పద్ధతి తయారుచేశాడు. సర్వే ఆఫ్ ఇండియా మ్యాపుల్లో ఊళ్ళ పేర్లకి ఇప్పటికీ ఆ పద్ధతే మూలం. అందులో దీర్ఘానికి అక్షరం నెత్తిమీద చిన్న గీత ఉండేది. రాయడంలో, టైపు కొట్టడంలో ఆ గీత ఎవరూ పెట్టలేదు. గీత పోయింది, దానితోపాటు దీర్ఘమూ పోయింది. రామ, రమ ఒకటైపోయింది అలాగే. 2001లో ఐఎస్ఓ 15919 అని ఇంకో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. మన లిపులన్నింటికీ పనికొస్తుంది, ణకి, ళకి కింద చుక్క పెడుతుంది. పండితులకి బాగుంటుంది గానీ పాపకి పాస్‌పోర్టు తీసేటప్పుడు ఆ చుక్కలు పనికిరావు. పాస్‌పోర్టు అడుగున మెషిన్ చదివే వరుసలో పేరుకి ఏ నుంచి జడ్ దాకా ఆ 26 అక్షరాలు తప్ప ఇంకేవీ పట్టవు.

అంటే గీతా లేదు, చుక్కా లేదు. దీర్ఘం కావాలంటే అక్షరాన్ని రెండుసార్లు రాయడం ఒక్కటే దారి. ఈ కాలం అమ్మానాన్నలు ఆద్యకి, ఆరాధ్యకి మొదట్లో డబుల్ ఏ పెడుతున్నది ఫ్యాషన్ కోసమేనని కొట్టిపారేయకండి. ఫ్యాషన్ కొంత ఉంటే ఉండొచ్చు. దాంతోపాటు పోగొట్టుకున్న దీర్ఘం కూడా వెనక్కి వస్తోంది.

ఊళ్ళ పేర్ల విషయంలో మనం ఈ పని ఎప్పుడో చేశాం. కడపని ఇంగ్లిషువాళ్ళు సి యు డబుల్ డి ఏ పి ఏ హెచ్ అని రాశారు. దశాబ్దాల పాటు బోర్డుల మీద, రైల్వే టికెట్ల మీద అదే. 2005లో ప్రభుత్వం కె ఏ డి ఏ పి ఏ అని మార్చింది. ఊరి పేరు పాతదే, పలుకు పాతదే, స్పెల్లింగ్ పలుకు దగ్గరికి వచ్చింది. జిల్లా పేరుకి అది బాగుందనుకున్నప్పుడు మనింటి పాప పేరుకి ఎందుకు బాగుండదు?

ఇక అందరూ రాసినట్టు అనే మాట. ఆ అందరూ ఎవరండీ? లత అనే రెండక్షరాల పేరు తీసుకోండి. మనవైపు ఎల్ ఏ టి హెచ్ ఏ అని రాస్తాం, ఎందుకంటే ఉత్త టి చూస్తే మనకి ట వినిపిస్తుంది. ఉత్తరాదిలో ఉత్త టి రాస్తారు, ఎందుకంటే వాళ్ళకి టి హెచ్ అంటే థ. మన లత ఢిల్లీలో ఉద్యోగానికి వెళ్తే లథా అవుతుంది, వాళ్ళ లత మన దగ్గరికొస్తే లటా అవుతుంది. ఇద్దరి స్పెల్లింగూ ఎవరి ఊళ్ళో వాళ్ళకి సరైనదే. శివ కూడా అంతే. మన పెద్దవాళ్ళు ఎస్ తో ఆపేస్తారు. హెచ్ కలిపితే "అది హిందీవాళ్ళ రాత, ష అని చదువుతారు" అంటారు. కానీ ఉత్త ఎస్ పెడితే సివ అని చదువుతున్నారు కదా, దానికేమంటారు? శకి ఇంగ్లిషులో దగ్గరి దారి ఎస్ హెచ్చే. నాకు పాప పుట్టి శారద అని పేరు పెట్టుకుంటే ఎస్ హెచ్ డబుల్ ఏ అనే మొదలుపెడతాను.

నాకు బాగా నచ్చే ఉదాహరణ ప్రజ్ఞ. సంస్కృతం చదువుకున్నవాళ్ళు పి ఆర్ ఏ జె ఎన్ ఏ అని రాస్తారు. పుస్తకం ప్రకారం తప్పులేదు, జ కింద ఞ వత్తు కాబట్టి జె, ఎన్. కానీ మనం ఆ పేరు పలికేటప్పుడు జ వినపడుతుందా? గట్టిగా అని చూడండి. ప్రగ్న్య. జ్ఞానం అన్నా యజ్ఞం అన్నా మన నోట వచ్చేది గ. జె పెట్టిన పాప పేరుని కొత్త టీచరమ్మ హాజరు పట్టీలో చూసి "ప్రజ్న" అంటుంది. జి ఎన్ వై ఏ పెట్టిన పాపని మొదటి రోజే సరిగ్గా పిలుస్తుంది. పండితులకి చిరాకు కలిగినా సరే, నేను జి ఎన్ వై వైపే.

జాహ్నవి ఇంకో రకం. హ, దాని కింద న వత్తు. జె ఏ హెచ్ ఎన్ అని రాయడం మన పద్ధతి, అక్షరం వరుస తప్పకుండా. కొందరు హెచ్‌ని ఎన్ తర్వాతికి జరుపుతారు, కొందరు జె పక్కకి తెస్తారు. నోరు పలికే వరుస చూస్తే న ముందొచ్చి హ తర్వాత వస్తున్నట్టే చాలామంది పలుకుతారు. కానీ హెచ్‌ని జె పక్కకి తెస్తే మొదటి అక్షరం ఝ అయిపోతుంది. గంగాదేవి పేరు మొదటి అక్షరమే మారిపోతుంది. ఆ స్పెల్లింగ్ నాకు ఒప్పుదల లేదు. శిరీషలో రెండో ఐ తీసి డబుల్ ఇ పెట్టడం మాత్రం ఎంతో మేలు, దీర్ఘం ఎక్కడుందో చూడగానే తెలుస్తుంది.

అన్నింటికీ దారి ఉందని చెప్పను. కల, కళ. కె ఏ ఎల్ ఏ రెండింటికీ. ళ కోసం డబుల్ ఎల్ పెడదామంటే కల్ల అవుతుంది, కల్ల అంటే అబద్ధం. పిల్లకి పెట్టే పేరులో ఆ మాట ఎవరు రానిస్తారు? శశికళలో ళ ఇంగ్లిషులో రాదంతే, ఇంట్లో తెలుగులో నేర్పించుకోవాలి.

ఇప్పుడు నేను విభేదించే చోటుకి వస్తున్నాను. న్యూమరాలజీ, అంటే పేరులోని అక్షరాలకి అంకెలిచ్చి, కలిపి, మంచిచెడ్డలు చెప్పే లెక్క. నమ్మేవాళ్ళ మనసు నొప్పించాలని లేదు, కానీ ఒక్కసారి ఈ లెక్క నాతోపాటు వెయ్యండి. మళ్ళీ ఆర్ ఏ ఎం ఏ. కాల్డియన్ పద్ధతిలో ఆర్‌కి 2, ఏ కి 1, ఎం కి 4, ఏ కి 1, మొత్తం 8. ఎనిమిది శని అంకె, పిల్లకి కష్టాలు, ఇంకో ఏ కలిపితే 9 అవుతుంది అంటారు. అదే పేరుని పైథాగరస్ పద్ధతిలో వెయ్యండి. అక్కడ ఆర్‌కి 9. తొమ్మిది, ఒకటి, నాలుగు, ఒకటి, 15. ఒకటీ ఐదూ కలిపితే 6. ఆరు శుక్రుడు, దివ్యంగా ఉంది, ముట్టుకోకండి అంటారు. ఒకే పాప, ఒకే పేరు, రెండు తీర్పులు.

ఆ కలపమన్న ఏ, నేను మొదట కలిపిన ఏ ఒకటే కదా అనొచ్చు మీరు. ఒకటే కాదండీ. లెక్కకి దీర్ఘంతో పని లేదు. ఆ ఏ ముందు పెట్టినా చివర పెట్టినా 9 వస్తుంది. రమ అనే ఆడపిల్లకి లెక్క కోసం మొదట్లో ఏ కలిపారనుకోండి, బళ్ళో అందరూ రామ అని పిలుస్తారు. అంకె కుదిరింది, పేరు పోయింది. జయలలిత గారు 2001లో తన పేరు చివర ఇంకో ఏ చేర్చుకున్నారు. యడియూరప్ప గారు 2007లో ఐ తీసి డి పెట్టుకున్నారు, 2019లో మళ్ళీ పాత స్పెల్లింగ్‌కే వచ్చారు. వాళ్ళు పెద్దవాళ్ళు, వాళ్ళ పేరు వాళ్ళిష్టం. పసిపిల్ల తన స్పెల్లింగ్ తను మార్చుకునే రోజు రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. ఆ లోపు దాన్ని మోసేది ఆ పిల్లే.

కేవలం వేరుగా కనపడాలని కావ్యకి కె బదులు క్యూ పెట్టడం, ఐ ఉన్న ప్రతిచోటా వై పెట్టడం కూడా నాకు నచ్చదు. పలుకుకి ఏమీ కలవదు, చదివేవాళ్ళు తడబడతారు. నా కొలబద్ద ఒక్కటే: పాప గురించి తెలియని ఇద్దరికి ఆ స్పెల్లింగ్ కాగితం మీద రాసివ్వండి. ఒకరు తెలుగువాళ్ళు, ఒకరు తెలుగు రానివాళ్ళు. పైకి చదవమనండి. పాత స్పెల్లింగ్ కూడా విడిగా చదివించండి. ఏది విన్నప్పుడు మీ పాప పేరు మీకు వినపడిందో అది పెట్టండి. పేరంతా మార్చెయ్యకండి, ఎక్కడ చెవి మోసపోతోందో అక్కడ ఒక్కచోట సరిచెయ్యండి చాలు. శారదలో మొదటి దీర్ఘం చూపించారు సరే, చివర కూడా డబుల్ ఏ, మధ్యలో డి హెచ్ పెడితే శారధా అని మరో పేరు తయారవుతుంది.

ఫోన్‌లో ప్రతిసారీ "డబుల్ ఏ అండీ" అని చెప్పుకోవాలి కదా అని పెద్దవాళ్ళ బాధ. నిజమే, చెప్పుకోవాలి. కానీ మన ఇంటిపేరు ఎలాగూ అక్షరం అక్షరం చెప్పుకుంటూనే ఉన్నాం. ఆ వరుసలో ఇంకో అక్షరం భారం కాదు. తప్పు పలికిన ప్రతివాళ్ళనీ జీవితాంతం సరిదిద్దడం అంతకన్నా పెద్ద భారం.

చివరగా కాగితాల సంగతి, ఇది శ్రద్ధగా వినండి. జననం 21 రోజుల్లో నమోదు చేయించాలి. కానీ ఆ 21 రోజుల్లో పేరు కూడా తేల్చాలని లేదు. పేరు లేకుండానే నమోదు చేయించవచ్చు, 12 నెలల్లోపు పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత రుసుము కట్టి 15 ఏళ్ళ దాకా చేర్పించవచ్చు. కాబట్టి ఆసుపత్రిలో డిశ్చార్జి హడావిడిలో ఎవరో అడిగారని నోటికొచ్చిన స్పెల్లింగ్ చెప్పెయ్యకండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేరడం, ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా, అన్నింటికీ పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో ఏ స్పెల్లింగ్ ఉంటే ఆధార్‌లో అదే, బడిలో అదే. ఒక్క అక్షరం తేడా వచ్చినా రేపు పాన్‌కి ఆధార్ లింకు చేసేటప్పుడు ఇబ్బంది రావచ్చు. వెంకట సత్య సాయి లాంటి పొడుగు పేర్లవాళ్ళు ఇంకోటి చూసుకోండి: పాస్‌పోర్టులో మెషిన్ చదివే వరుసలో పేరుకి ఉన్నవి 39 గళ్ళే. ఇంటిపేరు, పేరు, మధ్య ఖాళీలు అన్నీ వాటిలోనే సర్దాలి.

పిల్లలు ఇప్పటికే బడికి వెళ్తూ, అన్ని కాగితాల్లో పాత స్పెల్లింగ్ ఉంటే మాత్రం కదిలించకండి. అఫిడవిట్, పేపర్ ప్రకటన, గెజిట్, ఆ తర్వాత ప్రతి కార్డూ విడివిడిగా మార్పించడం, అంత శ్రమ దీర్ఘం కోసం పిల్లల మీద పెట్టక్కర్లేదు.

ఫారంలో తెలుగులో పేరు రాసే గడి ఉంటే, దాన్ని కూడా మీరే నింపండి. ఇంగ్లిషు గడిలో ఏ ఒకటా రెండా అని ఇల్లంతా కూర్చుని మాట్లాడుకుని, తెలుగు గడి పక్కవాళ్ళకి వదిలేస్తే శారద కాస్తా సారద అయి వస్తుంది. సంతకం పెట్టేముందు రెండు గడులూ పైకి చదవండి.