ఒంటరి గడియారమే తక్కువ చూపుతుంది

మిత్రులారా, కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుందని మీరంతా వినే ఉంటారు. దాన్ని అక్కడితో వదిలేస్తే ఒక న్యాయమైన ప్రశ్న మిగిలిపోతుంది. మీ దృష్టిలో కదిలేది నేను, నా దృష్టిలో కదిలేది మీరు. మరి ఎవరి గడియారం వెనకబడినట్టు? ఇది తేలకుండా రెండు గడియారాల కాలాలను కలిపే సూత్రంలో అంకెలు వేస్తే లెక్క తలకిందులవుతుంది.

ముందు సూత్రం ఎలా పుట్టిందో చూద్దాం. కింద ఒక అద్దం, దానికి సరిగ్గా పైన ఇంకొకటి, మధ్యలో కాంతి పైకీ కిందికీ తిరుగుతోంది. ఈ అమరిక పక్కకు సాగిపోతుంటే, నిలబడి చూసేవారికి కాంతి దారి ఏటవాలుగా ఉంటుంది. అద్దాల మధ్య దూరం 4 పాళ్లు, కాంతి పైకి చేరేలోపు అద్దం జరిగింది 3 పాళ్లు అనుకోండి. కాంతి నడిచింది 5 పాళ్లు. కాంతి వేగం అందరికీ ఒకటే కనుక మనకు 5 పాళ్ల కాలం గడిస్తే, అద్దాలతో ప్రయాణించేవారికి గడిచింది 4 పాళ్లే. ఇక్కడ వేగం కాంతి వేగానికి 0.6 రెట్లు, కాలాల నిష్పత్తి 1.25.

ఇది కంటికి కనిపించే నిదానం కాదు. అదే వేగంతో మనవైపు వచ్చే గడియారాన్ని దుర్భిణితో చూస్తే అది రెట్టింపు జోరుగా నడుస్తున్నట్టు కనిపిస్తుంది! దాని ఒక సెకనుకు మన దగ్గర 1.25 సెకన్లు గడుస్తాయి. ఆలోపు అది 0.75 కాంతి సెకన్ల దూరం (కాంతి సెకను అంటే కాంతి ఒక సెకనులో వెళ్లే దూరం) దగ్గరకొస్తుంది, అందుకే దాని టిక్కులు అర సెకనుకొకటి మనకు అందుతాయి. దూరంగా పోతుంటే రెండు సెకన్లకొకటి. కాంతి ప్రయాణానికి పట్టిన కాలాన్ని తీసేశాక మిగిలే తేడానే కాల వ్యాకోచం అంటాం.

ఇక ప్రశ్నకు జవాబు. సాగిపోయే గడియారం మొదట మన ఒక గడియారం పక్కనుంచి, తర్వాత దూరంగా ఉన్న మరో గడియారం పక్కనుంచి పోతుంది. అంటే ఒకదాన్ని రెండింటితో పోలుస్తున్నాం. ఆ రెండూ ఒకే సమయం చూపుతున్నాయని మనం అంటాం, ప్రయాణికుడు ఒప్పుకోడు. ఇలాంటి పోలికలో ఒంటరి గడియారమే తక్కువ చూపుతుంది. సూత్రంలో ఏ కాలాన్ని ఎక్కడ వేయాలో ఈ ఒక్క మాటతో తేలిపోతుంది.

పై గాలిలో పుట్టి త్వరగా క్షీణించిపోయే సూక్ష్మ కణాలైన మ్యూయాన్లను తీసుకోండి. సగటు ఆయుష్షు 2.2 మైక్రో సెకన్లు. ఇది అర్ధాయుష్షు (సగం కణాలు క్షీణించే కాలం) కాదు, ఈ రెంటినీ కలిపేస్తే లెక్క పాడవుతుంది. 15 కిలోమీటర్ల ఎత్తు నుంచి 0.995 కాంతి వేగంతో దిగడానికి సుమారు 50 మైక్రో సెకన్లు కావాలి, అంటే దాదాపు 23 ఆయుష్షులు. అలాగైతే వెయ్యి కోట్లకు ఒకటి నేలకు చేరాలి. కానీ ఇక్కడ మ్యూయానే ఒంటరి గడియారం. ఆ వేగానికి కాలాల నిష్పత్తి 10 కనుక దానికి గడిచేది 5 మైక్రో సెకన్లే. దారిలో కోల్పోయే శక్తిని పక్కన పెడితే పదింట ఒకటి చేరుతుంది.

బయల్దేరిన చోటికే గడియారం తిరిగొస్తే ఈ నియమం చాలదు. 1971 అక్టోబరులో హాఫెలే, కీటింగ్ అనే శాస్త్రవేత్తలు సీజియం అణు గడియారాలను విమానాల్లో భూమి చుట్టూ ఒకసారి తూర్పుగా, ఒకసారి పడమరగా తిప్పారు. నేల మీది గడియారం స్థిరంగా ఉందనుకుంటే రెండు ప్రయాణాల్లోనూ చలనం వల్ల వెనకబాటే రావాలి. నిజానికి భూమధ్యరేఖ దగ్గర నేల సెకనుకు 465 మీటర్ల వేగంతో తిరుగుతోంది. తూర్పు విమానం దానికి వేగం కలుపుకుంటుంది, పడమర విమానం తగ్గించుకుంటుంది. అందుకే భూమితో పాటు తిరగని చోటు నుంచి చూస్తున్నట్టు వేగాలను లెక్కించాలి. చలనం వల్ల తూర్పున 184 నానో సెకన్ల వెనకబాటు, పడమర 96 ముందంజ వస్తాయి. ఎత్తు వల్ల గురుత్వం తగ్గి వరసగా 144, 179 కలుస్తాయి. మొత్తం అంచనా తూర్పున 40 వెనక, పడమర 275 ముందు. కొలిచినప్పుడు తేలింది 59 వెనక, 273 ముందు.

జీపీఎస్ ఉపగ్రహాల్లోనూ ఈ రెండు ప్రభావాలూ ఎదురెదురుగా పనిచేస్తాయి. సెకనుకు 3.87 కిలోమీటర్ల వేగం రోజుకు 7 మైక్రో సెకన్లు వెనక్కి లాగితే, ఎత్తు 45 ముందుకు నెడుతుంది. అందుకే 10.23 మెగాహెర్ట్జ్ గడియారాన్ని ప్రయోగానికి ముందే 10.22999999543కి తగ్గించి అమరుస్తారు.