లివర్‌లో గడ్డ: సెంటీమీటర్లు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

[తెర మీద స్కానింగ్ రిపోర్టు. "సెగ్మెంట్ 6లో 2.4 సెం.మీ. లీజియన్" అన్న లైను దగ్గరగా.]

నమస్తే. పంజాగుట్టలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో స్కానింగ్ చేయించి రిపోర్టు చేతికి రాగానే మనవాళ్లు ముందు వెతికేది సైజే. "రెండేనట, చిన్నదే" అని ఒకరు, "అమ్మో, ఏడట!" అని ఇంకొకరు. సైజు ముఖ్యమే. కానీ ఒక్క సైజు చూసి ధైర్యపడినా తప్పే, బెంబేలెత్తినా తప్పే. ఇవాళ చెప్పేది లివర్‌లోనే పుట్టే హెపటోసెల్యులర్ కార్సినోమా అనే క్యాన్సర్ గురించి. పెద్దపేగు నుంచో ఇంకెక్కడి నుంచో లివర్‌కి పాకిన గడ్డల కథ వేరు.

[టేబుల్ మీద 8 చిన్న లడ్డూలు, పక్కన స్కేలు.]

ఇవి ఒక్కోటి అడ్డంగా 2 సెంటీమీటర్లు. ఎనిమిదింటినీ కలిపి ఒకే ఉండ చుడుతున్నా, చూడండి. కొలిస్తే 4 సెంటీమీటర్లే! రిపోర్టులో అంకె రెట్టింపైతే లోపల సరుకు ఎనిమిది రెట్లన్నమాట. 2 నుంచి 2.5కి వెళ్లినా గడ్డ దాదాపు రెట్టింపైనట్టే. కొన్ని గడ్డలు నాలుగైదు నెలల్లో రెట్టింపవుతాయి, కొన్ని ఏడాది దాటినా అవ్వవు. ఆ వేగం తెలియాలంటే రెండు స్కాన్లు పక్కపక్కన పెట్టి చూడాలి. అందుకే పాత సీడీలు, ఫిల్ములు పారెయ్యొద్దు. ఒకసారి అల్ట్రాసౌండ్, ఇంకోసారి సీటీ అయితే మాత్రం నాలుగు మిల్లీమీటర్ల తేడాకి కంగారుపడక్కర్లేదు.

[లివర్ బొమ్మ. పోర్టల్ వెయిన్ నీలం, ధమని ఎరుపు.]

అసలు విషయం రక్తనాళాల్లో ఉంది. మామూలు లివర్‌కి ముప్పావు వంతు రక్తం పోర్టల్ వెయిన్ నుంచే, అంటే పేగుల నుంచి లివర్‌కి రక్తం తెచ్చే సిర నుంచే వస్తుంది. ఈ గడ్డ మాత్రం ధమని రక్తం మీద బతుకుతుంది. డై ఎక్కించి సీటీ తీస్తే ముందు తెల్లగా మెరిసి, తర్వాత చుట్టుపక్కల లివర్ కంటే నల్లబడేది అందుకే. సిరోసిస్, అంటే లివర్ మచ్చలు పడి గట్టిపడిపోవడం, ఉన్నవాళ్లలో సెంటీమీటరు దాటిన గడ్డ ఇలా కనిపిస్తే చాలాసార్లు బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) కూడా అడగరు.

గడ్డ పెరిగేకొద్దీ కణాలు సన్నటి రక్తనాళాల్లోకి దూరతాయి. ఇది స్కాన్‌కి సరిగ్గా దొరకదు, ఆపరేషన్ తర్వాత మైక్రోస్కోప్ కింద తేలుతుంది. 2005లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 3 సెంటీమీటర్లలోపు గడ్డల్లో నాలుగో వంతుకి ఇలా కనిపిస్తే, 6.5 దాటినవాటిలో 63 శాతానికి కనిపించింది. డాక్టర్లు సైజు అడిగేది ఈ అంచనా కోసమే. లివర్ మార్పిడి ఎవరికి చేయొచ్చో తేల్చడానికి 1996లో ఇటలీ సర్జన్లు పెట్టిన మిలాన్ లెక్కకీ ఆధారం ఇదే ఆలోచన: ఒకే గడ్డయితే 5 సెంటీమీటర్లలోపు, లేదా మూడు వరకు ఉంటే ఒక్కోటి 3 లోపు, పెద్ద రక్తనాళాల్లోకి పాకకూడదు, లివర్ దాటకూడదు. హైదరాబాద్‌లో ట్రాన్స్‌ప్లాంట్ మాట వస్తే, ఇంట్లోవాళ్లు ఇచ్చినా, చనిపోయినవారి అవయవాలు అందించే జీవన్‌దాన్ పథకం ద్వారా వచ్చినా, ఈ మిలాన్ పేరు మీ చెవిన పడుతుంది.

[బ్లడ్ రిపోర్టు. ప్లేట్‌లెట్ల లైను దగ్గరగా.]

ఇక లెక్క తిరగబడే చోటు. ప్లేట్‌లెట్లు తగ్గాయంటే మన ఊళ్లో అందరికీ డెంగీయే గుర్తొస్తుంది. సిరోసిస్‌లోనూ తగ్గుతాయి: పోర్టల్ వెయిన్‌లో ఒత్తిడి పెరిగి, స్ప్లీన్ (ప్లీహం) ఉబ్బి, వాటిని పట్టి ఉంచేస్తుంది. అలాంటివాళ్లకి 2 సెంటీమీటర్ల గడ్డ ఉన్నా, కడుపులో నీరు, కామెర్లు ఉంటే కోసి తీయడానికి లివర్ తట్టుకోదు. ఇంకొకరికి 9 సెంటీమీటర్లు, కానీ ప్లేట్‌లెట్లు మామూలే, మిగతా లివర్ బాగుంది, పోర్టల్ వెయిన్ క్లియర్. ఆయనకి సర్జరీ దారి ఇంకా తెరిచే ఉండొచ్చు. పోర్టల్ వెయిన్‌లోకి పాకిన 3 సెంటీమీటర్ల గడ్డ కంటే ఈ తొమ్మిదే నయమని నేనంటాను.

లివర్ క్యాన్సర్ కోసం చేసే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష నార్మల్ వచ్చిందని కూడా నిశ్చింతగా ఉండొద్దు, చిన్న గడ్డల్లో చాలాసార్లు అది పెరగదు. నొప్పి కోసం ఎదురుచూడటం అంతకంటే ప్రమాదం. లివర్ లోపల నొప్పి తెలియదు, పైపొర సాగితేనే తెలుస్తుంది. సూదితో కాల్చే అబ్లేషన్ బాగా పనిచేసేది 3 సెంటీమీటర్లలోపే. ఆ సైజులో దొరకాలంటే సిరోసిస్ ఉన్నవాళ్లు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. హెపటైటిస్ బి అయితే సిరోసిస్ లేకుండానే క్యాన్సర్ రావొచ్చు, వాళ్లకీ ఎప్పుడెప్పుడు స్కాన్ కావాలో డాక్టర్‌ని అడగండి.

ఈసారి రిపోర్టు పట్టుకెళ్లినప్పుడు, "ఎన్ని సెంటీమీటర్లు?" తర్వాత ఇంకో రెండు అడగండి: "పోర్టల్ వెయిన్ ఎలా ఉంది సార్? మిగతా లివర్ ఎలా ఉంది?"