అసలు పెళ్ళే కాలేదని రాయాలట!

అందరికీ నమస్కారం. విడాకుల చట్టం మీద మాట్లాడమంటే ఈయన ఫిలిప్పీన్స్ దాకా పోయాడేమిటి అనుకోకండి. అక్కడ మెడిసిన్ చదివే అన్నో అక్కో ఉన్నవాళ్ళు ఈ హాల్లోనే నలుగురైదుగురు ఉంటారు. వాటికన్‌ను పక్కన పెడితే, విడాకుల చట్టం లేని దేశం ప్రపంచంలో అదొక్కటే. అక్కడి ముస్లింలకు మాత్రం 1977 నుంచీ ఉంది. మిగతావాళ్ళకు అమెరికా పాలనలో, 1917లో వచ్చింది. 1950 సివిల్ కోడ్‌తో పోయింది. మన కోస్తా, సీమ జిల్లాల్లో హిందువులకు మద్రాసు ప్రభుత్వం విడాకుల హక్కిచ్చింది 1949లో. మనకు వచ్చిన ఏడాదికి వాళ్ళకు పోయిందన్నమాట!

మా అక్క కూతురు అక్కడి దవావో నగరంలో చదివేటప్పుడు ఇంటావిడకు ఇరవై రెండేళ్ళ కూతురు ఉండేది. తండ్రి వేరే ఊళ్ళో ఇంకో సంసారం పెట్టి పన్నెండేళ్ళయింది. ఇంటావిడ మాత్రం ఏ ఫారం నింపినా ‘వివాహిత’ గడిలోనే టిక్కు పెట్టాలి. మళ్ళీ పెళ్ళి చేసుకోవాలంటే ఎక్కువమంది పట్టేది ఫ్యామిలీ కోడ్ ఆర్టికల్ 36 దారి. పెళ్ళినాటికే మొగుడికి కాపురం చేసే మానసిక సామర్థ్యం లేదనీ, కాబట్టి ఆ పెళ్ళి మొదట్నుంచీ చెల్లదనీ కోర్టులో రుజువు చేయాలి. ఖర్చు లక్షల పెసోల్లో.

ఆ పిల్ల మా అమ్మాయితో అందట: “నేను పుట్టాక కూడా ఐదారేళ్ళు బాగానే ఉన్నారు, ఫొటోలున్నాయి. తర్వాత చెడిందని రాస్తే చాలదా? అసలు లేనేలేదని ఎందుకు రాయాలి?”

కుర్రకారుకు పెళ్ళంటే లెక్కలేదు, అందుకే చట్టం అడుగుతున్నారని పెద్దల మాట. ఈ పిల్ల ప్రతి ఆదివారం చర్చికెళ్ళే పిల్ల. తనకు విడాకులు అక్కర్లేదంటుంది, అమ్మకు కావాలంటుంది. అందరూ అలాగే ఆలోచిస్తారని నేననను. ఆ ఇంట్లోనే ఆమె పెద్దమ్మ కొడుకు గట్టిగా వ్యతిరేకి. విదేశాల్లో పనిచేసే మగాళ్ళు డబ్బు పంపడం మానేసి, చేతులు దులుపుకుంటారని అతని భయం. పరాయి దేశం నుంచి వచ్చే డబ్బుతో ఇల్లు గడిచే చోట ఆ భయాన్ని నేను తీసిపారేయలేను.

2024 మేలో అక్కడి పార్లమెంటు దిగువ సభలో విడాకుల బిల్లుకు 131 మంది అవునన్నారు, 109 మంది కాదన్నారు. ఎగువ సభ సెనేట్‌లో అసలు ఓటింగే జరగలేదు. 2025 జూన్‌లో ఆ పార్లమెంటు గడువు ముగిసి బిల్లు మురిగిపోయింది.

ఇక మీరు అడగండి. ముందు వరసలో ఆ అమ్మాయి ఇందాకట్నుంచీ చెయ్యెత్తే ఉంచింది.