చల్లారిన బండి నిజం చెప్పదు

అన్నలకు, తమ్ముళ్లకు, బండ్ల ఓనర్లకు నమస్కారం.

ఇంకొన్ని రోజుల్లో వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కి మిర్చి జోరందుకుంటుంది. నర్సంపేట, పరకాల, ములుగు, భూపాలపల్లి, అన్ని దిక్కుల నుంచి పికప్‌లు బస్తాలతో దిగుతాయి. వాటిలో చాలా వరకు పాత బండ్లే. అందుకే సీజన్ మొదలుకాక ముందే బ్రేకుల గురించి నాలుగు మాటలు చెప్పాలని అడిగితే వెంటనే సరే అన్నాను.

ముందు ఒక సంగతి చెప్పాలి. నేను మెకానిక్ షెడ్డు పెట్టిన కొత్తలో ఒక తమ్ముడు నర్సంపేట వైపు నుంచి మిర్చి లోడుతో వచ్చాడు. ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. మార్కెట్ దగ్గర బండ్ల లైను కదులుతూ ఆగుతూ ఉంది. ఒకచోట తొక్కితే పెడల్ నేలదాకా పోయింది. హ్యాండ్ బ్రేకు లాగి ఎట్లనో ఆపుకున్నాడు. లోడు దింపి, సాయంత్రం నా దగ్గరికి తెచ్చాడు. తొక్కి చూస్తే పెడల్ గట్టిగానే ఉంది. ఆయిల్ డబ్బా నిండుగా ఉంది, ఎక్కడా లీకు లేదు. నాలుగు రౌండ్లు తిప్పితే మంచిగానే ఆగింది. "ఏం లేదు తమ్ముడూ, తీసుకుపో" అన్నాను. వారం తిరగకముందే అదే బండి, అదే లోడుతో, ముందు పోతున్న ట్రాక్టర్ ట్రాలీని గుద్దింది. ప్రాణం దక్కింది. మోకాలు మాత్రం ఇప్పటికీ పూర్తిగా వంగదు.

ఆ బండి నాకు అబద్ధం చెప్పలేదు. నేను చూసింది ఖాళీగా, చల్లారి ఉన్న బండిని. రోగం ఉన్నది లోడుతో, వేడి మీద ఉన్న బండిలో.

లోపల జరిగింది ఇది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత బిగించే ఉన్నా, రబ్బరు పైపుల గుండా కూడా కొద్దికొద్దిగా నీరు చేరుతూనే ఉంటుంది. డాట్ 3, డాట్ 4 అని బ్రేక్ ఆయిల్‌లో రకాలు ఉంటాయి. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగదు. అందులో 3.7 శాతం నీరు చేరితే 140 డిగ్రీలకే మరిగే ప్రమాదం ఉంది. డాట్ 4కి ఆ లెక్కలు 230, 155. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్‌ను నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. మీ కాలి బలమంతా ఆ బుడగలు నొక్కడానికే సరిపోతుంది, చక్రం దాకా పోదు. అరగంట ఆగితే ఆవిరి మళ్లీ ఆయిల్ అయిపోతుంది, పెడల్ పైకి వస్తుంది. సాయంత్రం నాకు గట్టిగా తగిలింది అందుకే.

మరి అంత వేడి ఎక్కడిది? గుద్దిన తర్వాత బండి మళ్లీ నా షెడ్డుకే వచ్చింది. ముందు ఎడమ చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పితే తిరగలేదు. డిస్క్‌ను నొక్కి పట్టే క్యాలిపర్ బిగుసుకుపోయిందనుకుని విప్పబోయాను. మా మేస్త్రి ఆపి, "ముందు నిపుల్ తెరువు" అన్నాడు. నిపుల్ అంటే ఆయిల్, గాలి బయటికి వదలడానికి క్యాలిపర్ మీద ఉండే చిన్న మర. దాన్ని కొంచెం వదులు చేయగానే ఆయిల్ చివ్వున చిమ్మింది. మరుక్షణం చక్రం హాయిగా తిరిగింది. అంటే క్యాలిపర్ లోపలి పిస్టన్ తప్పు కాదు. పెడల్ వదిలేసినా ఒత్తిడి వెనక్కి పోకుండా ఎక్కడో ఆగిపోతోంది. రబ్బరు హోస్ పైపు విప్పి బ్లేడుతో నిలువునా కోశాం. పైన కొత్త పైపులా నున్నగా ఉంది, లోపల రబ్బరు ఉబ్బి పాయలుగా ఊడిపోయింది. మధ్యలో కుట్టుసూది పట్టేంత దారి మాత్రమే మిగిలింది. కాలి బలానికి ఆయిల్ లోపలికి పోతోంది, తిరిగి రావడానికి దారి లేదు. బ్రేకు పడుతూనే ఉంది, డిస్క్ కాలుతూనే ఉంది. ఆ పైపు ఖరీదు ఒక ట్యాంకు నిండా పోసే డీజిల్ ఖరీదు ముందు ఎంత?

ఈ పరీక్ష మీరూ చేసుకోవచ్చు. నిపుల్ తెరిస్తే చక్రం వదిలిందా, తప్పు క్యాలిపర్‌లో కాదు, దానికి పైన పెడల్ వైపు ఉంది. అది హోస్ కావచ్చు, పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ కావచ్చు. నాలుగు చక్రాలూ పట్టేస్తే మాస్టర్ సిలిండర్ వైపు చూడండి. నిపుల్ తెరిచినా వదల్లేదా, అప్పుడు క్యాలిపర్ విప్పండి. విప్పే ముందే కొత్త క్యాలిపర్ కొనిపించే వాళ్లున్నారు. వాళ్లను ఈ పరీక్ష చేసి చూపించమని అడగండి.

పెడల్ మాట కూడా చెబుతాను. ఒక్కసారి తొక్కితే కిందికి పోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైకి వచ్చి గట్టిపడితే, వెనక డ్రమ్ముల లోపల రుద్దుకుని బండిని ఆపే షూలకు గ్యాప్ ఎక్కువైందని అర్థం. అడ్జస్ట్ చేయించాలి, షూ మీది లైనర్ అరిగితే మార్చాలి. పైకి వచ్చినా స్పాంజ్‌లా ఉంటే గాలి చేరింది. సిగ్నల్ దగ్గర తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగుతూ, బయట ఎక్కడా తడి కనిపించకపోతే, మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు పోయాయి. పెడల్ రాయిలా ఉండి బండి ఆగకపోతే, వ్యాక్యూమ్‌తో కాలి బలాన్ని పెంచే బూస్టర్ చూడండి. ఇంజన్ ఆపి ఐదారు సార్లు తొక్కండి, గట్టిపడుతుంది. అలాగే తొక్కి పట్టుకుని స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే వ్యాక్యూమ్ రావట్లేదు. డీజిల్ పికప్‌లలో చాలావాటికి వ్యాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. ఆల్టర్నేటర్ మార్చిన తర్వాతే బ్రేకు గట్టిపడిందంటే బూస్టర్ కొనకముందు అక్కడ చూడండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. లోడు ఎక్కువ పట్టాలని కమాన్ కట్టకు, అంటే చాసిస్ కింద భారం మోసే స్ప్రింగు పట్టీల కట్టకు, అదనపు పట్టీలు వేయిస్తున్నారు. కొన్ని పికప్‌లకు వెనక యాక్సిల్‌కీ చాసిస్‌కీ మధ్య ఒక కడ్డీ, దానికో వాల్వు ఉంటాయి. లోడు పడితే చాసిస్ దిగుతుంది, కడ్డీ కదులుతుంది, వాల్వు వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి వదులుతుంది. పట్టీలు వేశాక బస్తాలు ఎన్ని పెట్టినా చాసిస్ పెద్దగా దిగదు. వాల్వు బండి ఖాళీగానే ఉందనుకుంటుంది. వెనక బ్రేకులు పడాల్సినంత బలంగా పడవు, భారమంతా ముందు డిస్కుల మీద పడుతుంది. ఆ తమ్ముడి బండికి కూడా రెండు పట్టీలు అదనంగా ఉన్నాయి. ఎప్పుడూ లోడు ఉన్నట్టే వాల్వు అనుకోవాలని కొందరు ఆ కడ్డీని తీగతో పైకి కట్టేస్తున్నారు. దయచేసి కట్టకండి. లోడు దింపి ఖాళీగా వానలో వచ్చేటప్పుడు వెనక చక్రాలు లాక్ అయి బండి అడ్డం తిరుగుతుంది. పట్టీలు తీయించి, బండి పట్టేంత లోడే వేసుకోండి. ఒక ట్రిప్పు కిరాయి తగ్గుతుంది, నాకు తెలుసు. ఆ కిరాయి గురించి సేటుతో మాట్లాడే ధైర్యం మీ అందరికీ కలిసి రావాలి.

బ్రేక్ ఆయిల్ రెండేళ్లకొకసారి మొత్తం మార్పించండి. ఎయిర్ తీసేటప్పుడు మాన్యువల్‌లో వేరే వరుస చెప్పకపోతే, మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉండే వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రండి. బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఇంజన్ ఆయిల్ చుక్క కూడా పోయకండి, విడి భాగాలను డీజిల్‌తో కడగకండి. రబ్బరు కప్పులు ఉబ్బిపోతాయి.

లోడుతో వచ్చి బండి ఆపగానే దిగి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టండి. ముట్టుకోవద్దు, దగ్గర పెడితే చాలు. ఒకే వరుసలో కుడి ఎడమల మధ్య తేడా తెలిసిపోతుంది. వేడిగా ఉన్న డిస్క్ మీద నీళ్లు చల్లకండి. మెకానిక్ దగ్గరికి ఆ వేడి మీదే తీసుకురండి. "ఇప్పుడు బానే ఉంది" అని ఆయన అంటే, లోడుతో పక్కన కూర్చోబెట్టుకుని తిప్పండి.

బయట చెట్టు కింద ఒక బండి ఆగి ఉంది. పరకాల నుంచి లోడుతో ఇప్పుడే వచ్చింది, ఎడమకు లాగుతోందని ఆ అన్న చెప్పాడు. ఇంకా చల్లారలేదు. జాకీ, పానాలు, సీసా సిద్ధంగా ఉన్నాయి. రండి, నిపుల్ తెరిచి చూద్దాం.